వేరియబుల్‌కి, ఫంక్షన్‌కి మంచి పేరు పెట్టడం ఎలా: వడ్డీ, చీటీ, భూమి లెక్కలతో

ముందు ఈ రెండు లైన్లు చూడండి. కోడ్‌ని ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీ ఎడిటర్‌లో ఇదే పైథాన్ కోడ్ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది.

డెఫ్ క్యాల్క్(పి, ఆర్, టి):
    రిటర్న్ పి * ఆర్ * టి / 100

ల్యాబ్ రికార్డుల్లో ఇలాంటి కోడే కనిపిస్తుంది. సూత్రంలో తప్పేమీ లేదు. ఇప్పుడు దీన్ని నలుగురు వాడుతున్నారనుకుందాం. అసలు 50,000, వడ్డీ నూటికి రెండు రూపాయలు, గడువు 18 నెలలు. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు రూపాయలని అందరికీ తెలుసు కాబట్టి మొదటి మనిషి 2, 18 ఇస్తాడు. వడ్డీ 18,000 వస్తుంది. రెండో మనిషికి బ్యాంకు లెక్కలు అలవాటు. ఏడాదికి 24 శాతం, ఒకటిన్నర ఏడాది అనుకుని 24, 1.5 ఇస్తాడు. అప్పుడూ 18,000 వస్తుంది. మూడో మనిషి 2, 1.5 ఇస్తే 1,500 వస్తుంది. నాలుగో మనిషి 24, 18 ఇస్తే 2,16,000 వస్తుంది. నలుగురిలో ఎవరికీ ఎర్రర్ రాదు. ప్రోగ్రామ్ నాలుగు లెక్కల్నీ ఒకేలా ఒప్పుకుంటుంది. ఇద్దరికి తప్పు లెక్క వెళ్లిందని అప్పు తీసుకున్నవాళ్లు వచ్చి గొడవపడితే తప్ప మీకు తెలియదు.

ఈ తప్పు ఆపడానికి కొత్త లైబ్రరీ అక్కర్లేదు, పెద్ద డిజైన్ మార్పులు అక్కర్లేదు. మూడు పేర్లు మారిస్తే చాలు. ఆ పేర్లు ఎలా వెతుక్కోవాలో ఒక్కో మెట్టుగా చెబుతాను. ఉదాహరణలన్నీ మనకు బాగా తెలిసిన లెక్కల నుంచే తీసుకుంటున్నాను: వడ్డీ, చీటీ, భూమి విస్తీర్ణం. ఇలాంటి యాప్‌లు రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, డబ్బు లెక్కలో పేరు తప్పితే నష్టం నేరుగా మనుషుల మీద పడుతుంది.

1. పేరుకంటే ముందు ఒక వాక్యం చెప్పండి

కీబోర్డు మీద చేయి పెట్టకముందే, ఆ వేరియబుల్‌లో ఏముంటుందో, ఆ ఫంక్షన్ ఏం చేస్తుందో తెలుగులో ఒక పూర్తి వాక్యంగా పైకి అనండి. పక్క సీటులో ఉన్న మనిషికి చెబుతున్నట్టు చెప్పాలి. పై ఫంక్షన్‌కి ఆ వాక్యం ఇలా ఉంటుంది: "ఇంత అసలు మీద, నెలకు నూటికి ఇన్ని రూపాయల చొప్పున, ఇన్ని నెలలకు అయ్యే బారువడ్డీ ఎంతో చెబుతుంది."

ఇప్పుడు ఆ వాక్యంలో ఏ మాట తీసేస్తే అర్థం చెడుతుందో చూడండి. "నెలకు" తీసేస్తే చెడుతుంది. "బారు" తీసేస్తే చెడుతుంది, ఎందుకంటే చక్రవడ్డీ లెక్క వేరు. "ఇంత", "చొప్పున" లాంటివి తీసేసినా ఏమీ కాదు. చెడగొట్టే మాటలన్నీ పేరులోకి వెళ్లాలి, మిగతావి వదిలేయాలి.

డెఫ్ సింపుల్_ఇంటరెస్ట్(ప్రిన్సిపల్_రూపీస్, మంత్లీ_రేట్_పర్సెంట్, మంత్స్):
    రిటర్న్ ప్రిన్సిపల్_రూపీస్ * మంత్లీ_రేట్_పర్సెంట్ * మంత్స్ / 100

నాలుగో మనిషి ఇప్పుడు 24, 18 ఇవ్వబోతాడు. ఎడిటర్ ఆ పేర్లు చూపిస్తుంది. "మంత్లీ రేట్ అంటోంది కదా" అని ఆగుతాడు. ఆ ఒక్క క్షణం ఆగడం కోసమే ఈ శ్రమంతా. ఇంకా గట్టి రక్షణ కావాలంటే, పైథాన్‌లో పారామీటర్ల ముందు ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన కామా పెట్టండి. అప్పుడు ఫంక్షన్‌ని పిలిచేవాళ్లు ప్రతి విలువ పక్కనా దాని పేరు రాసి తీరాలి. మంత్లీ_రేట్_పర్సెంట్=24 అని తన చేత్తో రాసుకున్న మనిషికి తప్పు వెంటనే కంట్లో పడుతుంది.

వాక్యం తెలుగులోనే ఎందుకంటే, మీకు సహజంగా ఆలోచన వచ్చే భాషలో చెబితే తప్పించుకోవడానికి వీలుండదు. నేరుగా ఇంగ్లిష్‌లో పేరు వెతికితే డేటా, రిజల్ట్, ప్రాసెస్, హ్యాండిల్ లాంటి మాటలు ముందు నోటికొస్తాయి. వాటితో ఏ ఫంక్షన్‌కైనా పేరు పెట్టేయొచ్చు, అందుకే అవి ఏమీ చెప్పవు. పని మన మాటల్లో చెప్పలేకపోతున్నామంటే, ఆ పని ఏమిటో మనకే ఇంకా తేలలేదు. అప్పుడు పేరు కోసం వెతకడం ఆపి, కోడ్ ఏం చేయాలో తేల్చుకోవడం మంచిది.

2. కొలమానాన్ని పేరులో పెట్టండి

నన్ను ఒక్క అలవాటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. సంఖ్య ఉన్న ప్రతి వేరియబుల్‌నీ ఒక ప్రశ్న అడగండి: "ఏవి ఇన్ని?" రూపాయలా, పైసలా? సెకన్లా, మిల్లీసెకన్లా? జవాబు పేరులో లేకపోతే పేరు సగమే పెట్టినట్టు.

భూమి లెక్క చూడండి. ఒక టేబుల్‌లో ఏరియా అనే కాలమ్, అందులో 2.20 అని ఉంది. తెలంగాణ పహాణీలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరాకు 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర వైపు అడంగల్‌లో 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరాకు 100 సెంట్లు కాబట్టి అది దశాంశంలో కూడా 2.20 ఎకరాలే. ఒకే అంకె, రెండు రాష్ట్రాల్లో రెండు విస్తీర్ణాలు. ఎకరా ధర లక్షల్లో ఉన్నచోట ఆ 0.30 ఎకరాల తేడా చిన్న విషయం కాదు.

కూడిక దగ్గర ఇంకా చెడుతుంది. తెలంగాణ రైతుకు 2.20, 1.30 అని రెండు సర్వే నంబర్లలో భూమి ఉందనుకోండి. కంప్యూటర్ రెంటినీ కూడి 3.50 అంటుంది. అసలు లెక్క ఏమిటంటే, 20 గుంటలు, 30 గుంటలు కలిపితే 50 గుంటలు, అంటే ఒక ఎకరా పది గుంటలు. మొత్తం నాలుగెకరాల పది గుంటలు, రాసే పద్ధతిలో 4.10. ఏరియా అనే పేరు ఈ విషయం ఎక్కడా చెప్పదు. ఎకర్స్, గుంటాస్ అని రెండు వేరియబుల్స్ పెడితే, లేదా అన్నీ గుంటల్లోకి మార్చి ఏరియా_గుంటాస్ అని ఒక్కటే ఉంచితే, కూడిక రాసేటప్పుడే విషయం అర్థమవుతుంది. నా మటుకు రెండోదే నచ్చుతుంది. లోపల లెక్కంతా గుంటల్లో సాగించి, స్క్రీన్ మీద చూపించేటప్పుడు మాత్రమే ఎకరా-గుంటలుగా విడదీయండి.

డబ్బు విషయంలోనూ అంతే. రేజర్‌పే లాంటి పేమెంట్ సర్వీసుకు మొత్తాన్ని పైసల్లో పంపాలి, 500 రూపాయలకు 50000 అని. మీ డేటాబేస్‌లో రూపాయలు ఉండి, రెండు చోట్లా పేరు అమౌంట్ అయితే, ఎవరో ఒకరు ఏదో ఒక రోజు వంద రెట్లు తక్కువో ఎక్కువో పంపుతారు. అమౌంట్_రూపీస్, అమౌంట్_పైసా అని ఉంటే, ఒకదాన్ని ఇంకోదానిలో పెడుతున్న లైనే తప్పును చూపిస్తుంది.

సమయం కూడా చూడండి. పైథాన్‌లో స్లీప్‌కి 30 ఇస్తే 30 సెకన్లు ఆగుతుంది. జావాస్క్రిప్ట్‌లో సెట్‌టైమౌట్‌కి 30 ఇస్తే 30 మిల్లీసెకన్లే. రెండు భాషలూ వాడే టీమ్‌లో టైమౌట్ = 30 అని కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి వదిలేస్తే చదివేవాళ్లకు టెన్షన్ తప్పదు. టైమౌట్_సెకండ్స్ అని రాయండి.

ఇది చిన్న యాప్‌ల సమస్యే అనుకోకండి. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గరకు చేరుతూ నాశనమైపోయింది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) ఇంపల్స్‌ని, అంటే అవి ఇచ్చిన తోపుడును, పౌండ్-సెకన్లలో ఇచ్చింది, దారి లెక్కగట్టే బృందం అవి న్యూటన్-సెకన్లని అనుకుంది. తేడా దాదాపు 4.45 రెట్లు. ఆ ప్రమాదానికి పేరొక్కటే కారణం అనడం సరికాదు, తనిఖీలో లోపాలు కూడా ఉన్నాయి. కానీ ఆ ఫైల్‌లో ప్రతి అంకె పక్కనా కొలమానం కనిపించి ఉంటే ఎవరో ఒకరు ఆగి అడిగేవాళ్లు.

3. ఫంక్షన్ వాక్యంలో "చేసి"లు లెక్కపెట్టండి

ఫంక్షన్ పేరు క్రియతో మొదలవ్వాలని అందరూ చెబుతారు, అది నిజమే. అసలు కష్టం ఏ క్రియ అన్న దగ్గర వస్తుంది. అక్కడ మన భాషే సాయం చేస్తుంది. ప్రాసెస్_చిట్ అనే ఫంక్షన్ ఏం చేస్తుందో వాక్యంలో చెప్పి చూడండి: "పాట మొత్తం సరిచూసి, ఒక్కొక్కరి వాటా లెక్కగట్టి, ఖాతాలో రాసి, అందరికీ మెసేజ్ పంపుతుంది."

సరిచూసి, లెక్కగట్టి, రాసి. ఇలా ఆగకుండా సాగే ప్రతి మాటా ఒక విడి పని. పంపడంతో కలిపి నాలుగు పనులు, కాబట్టి నాలుగు ఫంక్షన్లు: వ్యాలిడేట్_బిడ్, క్యాలిక్యులేట్_షేర్_ఆఫ్_డిస్కౌంట్, రికార్డ్_ఇన్‌స్టాల్‌మెంట్స్, నోటిఫై_సబ్‌స్క్రైబర్స్. ఈ నాలుగింటినీ వరసగా పిలిచే ఫంక్షన్ ఒకటి పైన ఉంటుంది. దానికి ఆ నాలుగు క్రియలూ అతికించి పేరు పెట్టాల్సిన పని లేదు. ఆ నాలుగూ కలిస్తే జరిగేది ఏమిటి? ఈ నెల పాట ముగియడం. క్లోజ్_మంత్లీ_ఆక్షన్ అనండి. చీటీ నడిపే మనిషి కూడా ఆ పనిని అలాగే చూస్తాడు.

ఇక పేరు ఇచ్చిన మాట ఫంక్షన్ తప్పకూడదు. గెట్ అని మొదలైన ఫంక్షన్ తెచ్చి ఇవ్వాలంతే, లోపల డేటాబేస్‌లో ఏదీ రాయకూడదు. గెట్_బ్యాలెన్స్ అని పిలిచిన ప్రతిసారీ సర్వీస్ ఛార్జీ పడితే ఆ బగ్ వెతకడానికి రోజులు పడుతుంది, ఎందుకంటే ఆ పేరు చూసి ఎవరూ అనుమానించరు. చెక్ అనే మాటతో కూడా జాగ్రత్త. చెక్_పేమెంట్ అంటే కట్టాడో లేదో అవును కాదని చెబుతుందా, కట్టకపోతే ఎర్రర్ విసురుతుందా, బ్యాంకుకు మళ్లీ రిక్వెస్ట్ పంపుతుందా? మూడింటికీ మూడు పేర్లున్నాయి: ఈజ్_పెయిడ్, రిక్వైర్_పేమెంట్, రిఫ్రెష్_పేమెంట్_స్టేటస్.

మాట తప్పిన పేర్లలో బాగా తెలిసినది జావాస్క్రిప్ట్‌లోని గెట్‌ఇయర్. పేరు చూస్తే సంవత్సరం ఇస్తుందనిపిస్తుంది. నిజానికి అది సంవత్సరంలోంచి 1900 తీసేసిన అంకె ఇస్తుంది. 1990ల్లో అది 97, 98 అని ఇస్తుంటే, జనం దాని ముందు 19 అతికించి పేజీల్లో చూపించారు. 2000 జనవరి ఒకటిన అది 100 ఇచ్చింది, ఆ పేజీల్లో సంవత్సరం 19100 అని కనిపించింది. తర్వాత గెట్‌ఫుల్‌ఇయర్ వాడటం మామూలైంది. అదే చోట గెట్‌డే అనేది వారంలో ఎన్నో రోజో చెబుతుంది, తేదీ కావాలంటే గెట్‌డేట్ పిలవాలి. ఈ రెంటినీ కొత్తవాళ్లు ఇప్పటికీ తారుమారు చేస్తూనే ఉంటారు, తప్పు వాళ్లది కాదు.

దీనికి ఎదురుగా పైథాన్‌లో చక్కటి జంట ఒకటి ఉంది. సార్ట్ అంటే ఉన్న జాబితానే వరసలో పెట్టేస్తుంది. సార్టెడ్ అంటే పాతదాన్ని ముట్టుకోకుండా వరసలో పెట్టిన కొత్త జాబితా ఇస్తుంది. మొదటిది ఆజ్ఞ, రెండోది పని అయ్యాక వచ్చిన వస్తువు. మీ ఫంక్షన్లకు కూడా ఈ తేడా పాటించండి: ఇచ్చినదాన్ని మార్చేసేదానికి ఆజ్ఞలాంటి పేరు, కొత్తది చేసి ఇచ్చేదానికి వస్తువులాంటి పేరు.

4. అవును-కాదు వేరియబుల్స్

ప్రధాన సంఖ్య కనుక్కునే ల్యాబ్ ప్రోగ్రామ్‌లో ఫ్లాగ్ = 0 అని పెట్టి, చివర్లో ఫ్లాగ్ 1 అయితే ఒకటి, 0 అయితే ఇంకొకటి ప్రింట్ చేస్తారు. ఒక్కో పుస్తకంలో 1కి ఒక్కో అర్థం. ఆ పేరు ఈజ్_ప్రైమ్ అయితే ఈ గందరగోళమే ఉండదు. అవును-కాదు వేరియబుల్ పేరు చదవగానే ప్రశ్నలా వినపడాలి: కట్టాడా, పాట పాడేశాడా, ఇంకా పాడొచ్చా? ఈజ్_పెయిడ్, హ్యాజ్_వన్_ఆక్షన్, క్యాన్_బిడ్. స్టేటస్ అనే పేరుతో ట్రూ, ఫాల్స్ పెట్టకండి. ట్రూ అంటే ఏ స్టేటస్ అని మళ్లీ వెతకాలి.

పేరులో "కాదు" పెట్టకండి. ఈజ్_నాట్_పెయిడ్ అని పెడితే, దాన్ని తిరగేసి వాడాల్సిన రోజు "కట్టనివాడు కానివాడు అయితే" అని చదువుకోవాలి. ఈజ్_పెయిడ్ అని పెట్టి, అవసరమైన చోట ముందు నాట్ రాయండి.

5. ఒక వస్తువుకు ఒకే మాట, అదీ ఆ వ్యాపారంలో వాడే మాటే

చీటీ యాప్‌లో ఇది బాగా తెలుస్తుంది. ఇరవై మంది, నెలకు 5,000 చొప్పున. మొత్తం చీటీ 1,00,000. ఈ నెల ఒకరు 25,000 తగ్గించుకుని పాడారు. పాడినవాళ్ల చేతికి 75,000 వస్తుంది. చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 5 శాతం అనుకుంటే 5,000. మిగిలిన 20,000 ఇరవై మందికి పంచితే తలా 1,000. అంటే ఈ నెల ఒక్కొక్కరు నిజంగా కట్టాల్సింది 4,000.

ఒక్క నెల పాటలోనే ఏడు రకాల డబ్బు ఉంది: 5,000 వాయిదా, 1,00,000, 25,000, 75,000, 5,000 కమీషన్, 1,000, 4,000. వీటిలో రెండింటి విలువ ఒకటే కూడా. అమౌంట్, అమౌంట్2, టోటల్, ఫైనల్_అమౌంట్ అని పేర్లు పెట్టిన ప్రోగ్రామ్‌లో ఏది ఏదో రాసిన మనిషికి కూడా రెండు నెలల తర్వాత గుర్తుండదు. పరీక్షించేటప్పుడు కమీషన్ చోట వాయిదా పెట్టినా రెండూ 5,000 కాబట్టి లెక్క సరిగ్గానే వస్తుంది. కమీషన్ శాతం మారిన రోజే బయటపడుతుంది.

ఇక్కడ పేర్లు మీరు కనిపెట్టక్కర్లేదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం చాలావాటికి పేర్లు పెట్టేసింది. ఇంకా గమనించదగ్గ విషయం ఏమిటంటే, 2019లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి కొన్ని పేర్లను మార్చింది. చిట్ అమౌంట్ అన్నది గ్రాస్ చిట్ అమౌంట్ అయింది. ప్రైజ్ అమౌంట్ అన్నది నెట్ చిట్ అమౌంట్ అయింది. డివిడెండ్ అన్నది షేర్ ఆఫ్ డిస్కౌంట్ అయింది. కొత్త పేర్లు ఎంత బాగున్నాయో చూడండి. ప్రైజ్ అంటే లాటరీలో తగిలిన డబ్బులా వినిపిస్తుంది. నెట్ అంటే మొత్తంలోంచి తగ్గింపు పోగా మిగిలినదని పేరే చెబుతుంది. డివిడెండ్ అంటే షేర్ల లాభం గుర్తొస్తుంది. షేర్ ఆఫ్ డిస్కౌంట్ అంటే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. అదే సవరణలో ఫోర్‌మన్ కమీషన్ పరిమితిని 5 శాతం నుంచి 7 శాతానికి పెంచారు, కాబట్టి కోడ్‌లో 5 అని నేరుగా రాయకుండా ఫోర్‌మన్_కమీషన్_పర్సెంట్ అని పేరు పెట్టి ఒక్కచోట ఉంచండి.

గ్రాస్_చిట్_అమౌంట్, డిస్కౌంట్, నెట్_చిట్_అమౌంట్, ఫోర్‌మన్_కమీషన్, షేర్_ఆఫ్_డిస్కౌంట్, ఇన్‌స్టాల్‌మెంట్, ఇన్‌స్టాల్‌మెంట్_డ్యూ. ఈ ఏడు పేర్లతో రాసిన లెక్కను ప్రోగ్రామింగ్ రాని ఫోర్‌మన్ కూడా పక్కన కూర్చుని చూసి "ఇక్కడ తప్పుంది" అనగలడు.

ఒకసారి మాట ఎంచుకున్నాక మార్చకండి. ఒక ఫైల్‌లో మెంబర్, ఇంకో ఫైల్‌లో కస్టమర్, మూడోదాంట్లో యూజర్ ఉంటే, కొత్తగా వచ్చిన మనిషి మూడూ వేరనుకుంటాడు. ఒకవేళ నిజంగానే వేరైతే, అంటే యూజర్ అంటే లాగిన్ అయ్యే ఆఫీసు క్లర్కు, సబ్‌స్క్రైబర్ అంటే చీటీ కట్టే మనిషి అయితే, ఆ తేడాను రెండు లైన్లలో రాసి ప్రాజెక్టులో పెట్టండి. పది పదిహేను మాటల పట్టిక చాలు. కొత్తవాళ్లకు మొదటి రోజే అది చూపించండి.

మనుషుల పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఫస్ట్_నేమ్, లాస్ట్_నేమ్ అని ఫారం పెడితే, మనకు ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి చాలామంది ఫస్ట్ అన్నచోట ఇంటిపేరు రాస్తారు. వాళ్లు అడిగినదానికి సరైన జవాబే ఇచ్చారు. మన పాస్‌పోర్టులో ఉన్నట్టు గివెన్_నేమ్, సర్‌నేమ్ అని పెట్టండి. ఏది ముందో ఏది వెనకో అన్న ప్రసక్తే రాదు.

6. ఎంత పొడుగు?

ఆ పేరు ఎంత దూరం కనిపిస్తుందో అంత పొడుగు. మూడు లైన్ల లూప్‌లో ఐ చాలు. ఐ, జె, కె ఊరికే వచ్చినవి కాదు. గణితంలో వరసల గుర్తులుగా ఉన్నవే 1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్‌ట్రాన్‌లోకీ వచ్చాయి. అందులో ఐ నుంచి ఎన్ వరకు అక్షరాలతో మొదలయ్యే పేర్లు వాటంతటవే పూర్ణాంకాలు, పేరుకు ఆరు అక్షరాలే పరిమితి. ఆ పరిమితి ఇప్పుడు మనకు లేదు. కాబట్టి అడ్డం, నిలువు గల పట్టిక మీద రెండు లూపులు ఉంటే ఐ, జె బదులు రో, కాలమ్ అనండి, తారుమారు కాకుండా ఉంటాయి.

ఫైలంతా తిరిగే పేరుకు మాత్రం మాటలు కుదించకండి. సబ్‌స్క్రైబర్‌ని ఎస్‌యూబీ అని, ఇన్‌స్టాల్‌మెంట్‌ని ఐఎన్‌ఎస్‌టీ అని కుదిస్తే వచ్చే లాభం లేదు, టైప్ చేసేది ఎలాగూ ఎడిటరే. ఓటీపీ, జీఎస్టీ, పిన్ లాంటివి మామూలు జనం వాడేవే కాబట్టి అలాగే ఉంచండి. చిన్న ఎల్, పెద్ద ఐ, పెద్ద ఓ అక్షరాల్ని ఒంటరిగా పేర్లుగా వాడొద్దని పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 చెబుతుంది. కొన్ని ఫాంట్లలో అవి ఒకటి, సున్నా అంకెల్లా కనిపిస్తాయి.

జాబితాకు బహువచనం పెట్టండి: సబ్‌స్క్రైబర్స్. డిక్షనరీ అయితే దేనితో ఏది దొరుకుతుందో చెప్పండి: ఫోన్_బై_సబ్‌స్క్రైబర్_ఐడీ. పేరులో లిస్ట్, డిక్ట్ అని రకం రాయడం అనవసరం. పైథాన్‌లో మాటల మధ్య కింది గీత, జావా, జావాస్క్రిప్ట్‌లో రెండో మాట నుంచి మొదటి అక్షరం పెద్దది. మీ భాషలో ఏది ఆనవాయితీయో అదే పాటించండి, దీని మీద వాదనలతో సమయం పోగొట్టుకోకండి.

7. తెలుగు మాటలు వాడొచ్చా?

పైథాన్ 3 వచ్చిన 2008 నుంచి తెలుగు లిపిలో కూడా వేరియబుల్ పేర్లు పెట్టొచ్చు. వడ్డీ = 18000 అని రాస్తే నడుస్తుంది. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పేటప్పుడు ఇది నిజంగా బాగుంటుంది, భాష భయం లేకుండా లెక్క మీద ధ్యాస పెడతారు. ఒక్క జాగ్రత్త ఉంది. ఇన్‌స్టాల్‌మెంట్ లాంటి మాటల్లో పొల్లు అక్షరం విడిగా కనిపించడానికి కీబోర్డు ఒక కనిపించని గుర్తు చేరుస్తుంది. పేరు మధ్యలో ఆ గుర్తు ఉంటే పైథాన్ ఒప్పుకోదు, ఎర్రర్ ఎక్కడుందో కంటికి కనిపించదు. అలాంటి మాటలు మానేసి అసలు, వడ్డీ, వాయిదా లాంటివి వాడండి.

ఆఫీసు కోడ్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే మేలు. అందులోనూ తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాల్సి వస్తే, స్పెల్లింగ్ ఒకటే ఉండాలి. చీటీ అన్న మాటనే నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, తర్వాత వెతికితే సగమే దొరుకుతాయి. పహాణీ, అడంగల్, పట్టాదారు లాంటి మాటల్ని బలవంతంగా ఇంగ్లిష్‌లోకి మార్చకండి. పట్టాదారును ఓనర్ అంటే అర్థం జారిపోతుంది. రికార్డులో పేరున్న మనిషి వేరు, భూమి మీద ఉన్న మనిషి వేరు కావచ్చు.

8. పాత పేరు మార్చేటప్పుడు

ఫైండ్ అండ్ రీప్లేస్ వాడకండి. ఐడీ అనే రెండక్షరాల పేరును అలా మారిస్తే, ఇంగ్లిష్ స్పెల్లింగులో చివర అవే రెండక్షరాలున్న పెయిడ్, వాలిడ్ కూడా మారిపోతాయి. వీఎస్ కోడ్‌లో పేరు మీద కర్సర్ పెట్టి ఎఫ్2 నొక్కండి. పైచార్మ్, ఇంటెల్లిజేలో షిఫ్ట్, ఎఫ్6. ఇవి ఆ వేరియబుల్ నిజంగా వాడిన చోట్లే మారుస్తాయి. పేర్లు మార్చడాన్ని విడి కమిట్‌గా చేయండి, లాజిక్ మార్పులతో కలిపితే రివ్యూ చేసేవాళ్లు అసలు మార్పు ఏదో పట్టుకోలేరు. ఏఐ సాధనం రాసిచ్చిన కోడ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. డేటా, రిజల్ట్, ఐటమ్ అని పేర్లు కనిపిస్తే, మొదటి మెట్టులోని వాక్యం చెప్పుకుని, పేర్లు మార్చాకే లోపలికి తీసుకోండి.

మీ కోడ్ దాటి బయటికి వెళ్లిన పేర్లతో మాత్రం తొందర పడకండి. డేటాబేస్ కాలమ్, మొబైల్ యాప్ పిలిచే ఏపీఐ ఫీల్డ్, వేరే టీమ్ వాడే ఫంక్షన్ ఇలాంటివి. బ్రౌజర్ ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే రెఫరర్ హెడర్ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ఆర్ అక్షరం తక్కువ. 1996లో హెచ్‌టీటీపీ పత్రంలో ఆ తప్పు స్పెల్లింగే అచ్చయింది. అప్పటికే అందరూ అలాగే వాడుతున్నారు కాబట్టి ఈ రోజుకీ అదే నడుస్తోంది. అలాంటి పేరు మార్చాల్సి వస్తే కొత్త పేరు పెట్టి, పాత పేరుతో పిలిచినా కొత్తదే నడిచేలా ఉంచండి. పాత పేరు వాడినప్పుడల్లా హెచ్చరిక లాగ్‌లో పడేలా చేయండి. ఆ హెచ్చరికలు రావడం ఆగిపోయాక, చీటీలైతే నెలకోసారే నడిచే ప్రోగ్రాములు ఉంటాయి కాబట్టి కనీసం రెండు నెలలు ఆగి చూసి, అప్పుడు పాత పేరు తీసేయండి.